బంతిలో వలపక్షం

మన భాషలో ‘బంతి’ అన్న మాటకు రెండర్థాలున్నవి. పిల్లలు ఎగురవేసి పట్టుకొనేది ఒక బంతి. పెండ్లి పందిట్లో విస్తళ్లు పరచి అతిథులను కూర్చుండబెట్టే వరుస మరొక బంతి. ఇది సంస్కృత ‘పంక్తి’ శబ్దానికి వికృతి. ఈ రెండవ బంతిని గురించి మన పెద్దలు ఒక కట్టుబాటు పెట్టారు: బంతిలో వలపక్షం చేయరాదు. ఒక విస్తట్లో గరిటెడు నెయ్యి, పక్క విస్తట్లో బొట్టు నెయ్యి వడ్డించరాదని భావం. అయితే లోకం తీరు ఎరిగినవారు దాని వెనుకనే ఇంకొక సామెతనూ పుట్టించారు, వడ్డించేవాడు మనవాడైతే కడపటి బంతిని కూర్చున్నా ఫరవాలేదని! ఈ రెండు మాటలూ మొదటి బంతికి, అనగా ఆటబంతికి, ఎంతగా అన్వయిస్తవో 2024 డిసెంబరులో మన హైదరాబాదులో జరిగిన సంతోష్ ట్రోఫీ ఫుట్‌బాలు పోటీలు చూచినవారికి తెలిసివుంటుంది.

డిసెంబరు 31 రాత్రి సైబరాబాదు ప్రాంతమంతా కొత్త సంవత్సరపు కోలాహలంలో మునిగివున్నది. 1998లో సైబర్ టవర్స్ తలెత్తింది మొదలు అక్కడ పెరుగుతూ వచ్చిన అద్దాల మేడల మధ్య, గచ్చిబౌలిలో, 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన బాలయోగి స్టేడియములో, బెంగాలు, కేరళ జట్లు అంతిమ పోరాటంలో తలపడుతున్నవి. తొంబది నిమిషాలు గడిచినా గోలు లేదు. అదనంగా ఇచ్చిన నాలుగైదు నిమిషాలలో రోబి హన్స్‌డా అనే బెంగాలు యువకుడు గోలు కొట్టి తన రాష్ట్రానికి 33వ పర్యాయం ఆ కప్పును సంపాదించిపెట్టాడు. అంతటితో కథ ముగిసిందని మరునాటి పత్రికలు వ్రాసినవి. నాకు మాత్రం కథ అక్కడే మొదలయింది. ఆ బంతిలో మన తెలంగాణ విస్తరి ఎక్కడ ఉండినది?

ఆ యేటి అంతిమ ఘట్టంలో పన్నెండు జట్లు ఆడినవి. దేశంలోని రాష్ట్రాల జట్లను ముందుగా తొమ్మిది గుంపులుగా విభజించి ఆడించి, ప్రతి గుంపులోను మొదట నిలిచిన జట్టును పైకి తీసుకొన్నారు. అట్లా తొమ్మిది. అంతకు ముందటి యేడు ఫైనలు ఆడిన సర్వీసెస్, గోవా జట్లకు నేరుగా చోటిచ్చారు. పదకొండు. ఇల్లు గలవానికి బంతిలో చోటు లేకపోవడం మర్యాద కాదు గనుక, ఆతిథ్యమిచ్చే తెలంగాణకు పన్నెండవ విస్తరి వేశారు. ఈ పన్నెండింటిని మళ్లీ ఆరేసి జట్ల చొప్పున రెండు గుంపులు చేశారు. తెలంగాణ పడిన గుంపులో ఎవరెవరున్నారో చూడండి: అప్పటి విజేత సర్వీసెస్, అప్పటికి 32 సార్లు కప్పు గెలిచిన బెంగాలు, మణిపురం, జమ్మూ కాశ్మీరం, రాజస్థాను. రెండవ గుంపులో గోవా, కేరళ, తమిళనాడు, ఒడిశా, ఢిల్లీ, మేఘాలయ. ప్రతి గుంపునుండి నాలుగు జట్లు ముందుకు పోవాలి. తెలంగాణ పోలేదు. మొదటి నలుగురిలో దానికి చోటు దక్కలేదు.

ఇంతవరకు చెప్పితే మనవారు చేతకానివారని తేలిపోతుంది. కాని తరువాత జరిగినది కూడా చూడాలి గదా! క్వార్టర్ ఫైనల్సులో ఒక గుంపువారు మరొక గుంపువారితో తలపడ్డారు. బెంగాలు ఒడిశాను ఓడించింది; మణిపురం ఢిల్లీని, సర్వీసెస్ మేఘాలయను ఓడించినవి. రెండవ గుంపునుండి కేరళ ఒక్కటే జమ్మూ కాశ్మీరాన్ని గెలిచి నిలిచింది. అనగా సెమీఫైనలు చేరిన నాలుగు జట్లలో మూడు తెలంగాణ ఉన్న గుంపులోనివే. ఆ గుంపు బరువైన గుంపని అప్పటికిగాని తేటపడలేదు. తెలంగాణ రెండవ గుంపులో పడివుంటే గట్టెక్కేదా? అట్లా అనడానికి నాకు ధైర్యం లేదు. గోవా, కేరళల ముందు మాత్రం నిలిచేదని ఎవరు పూచీ పడతారు? నేననేది వేరు. మొదటి గుంపులో వెనుకబడడమూ, రెండవ గుంపులో వెనుకబడడమూ ఒకే కొలతతో కొలవదగినవి కావు. పట్టికలో మాత్రం రెండూ ఒకే తీరున కనబడుతవి.

వ్యాకరణం చెప్పుకొని బ్రతికేవాణ్ణి గనుక నాకు ఈ విషయం వ్యాకరణంగానే తోస్తుంది. ‘గెలుచు’ అనేది సకర్మక క్రియ. ‘రాముడు గెలిచెను’ అని పిల్లవాడు వ్రాస్తే ‘ఎవనిని?’ అని అడుగుతాము. ర్యాంకుల పట్టిక అనేది కర్మపదాలను తుడిచివేసి క్రియాపదాలను మాత్రమే లెక్కపెట్టే చిత్రమైన రచన. ఎవనిని గెలిచాడో అది చెప్పదు. ఎన్నిసార్లు గెలిచాడో చెప్పి ఊరుకుంటుంది.

అందరూ అందరితో ఆడితే ఈ చిక్కు లేదు గదా అని బుద్ధిమంతుడైన విద్యార్థి ఎవడైనా అడుగవచ్చు. నిజమే. పన్నెండు జట్లు ఒక్కొక్కసారి తలపడాలంటే 66 ఆటలు కావాలి. రెండు గుంపులు చేస్తే 30తో సరిపోతుంది. మిగిలిన 36 ఆటల ఖర్చూ, కాలమూ ఆదా అవుతవి. ఆ ఆదాకు మనం చెల్లించే మూల్యమే ఈ వలపక్షం. ఇది ఎవడో కావాలని చేసినది కాదు. చీట్లు వేసినప్పుడు తనంత తానుగా వచ్చినది.

అందరూ అందరితో ఆడే పద్ధతి ఇండియన్ సూపర్ లీగులో ఉండినది. గచ్చిబౌలి స్టేడియమును స్వస్థలంగా పెట్టుకొన్న హైదరాబాదు క్లబ్బు 2021-22లో ఆ లీగు కప్పు గెలిచిన సంగతి పాఠకులకు గుర్తుండివుంటుంది. ఆ యేడు పదకొండు జట్లు, ఒక్కొక్కటి ఇరువది ఆటలు. వ్యాధిభయం వల్ల అన్నీ గోవాలోనే. పట్టికలో జంషెడ్‌పూరు 43 పాయింట్లతో మొదటిది, హైదరాబాదు 38 పాయింట్లతో రెండవది. తరువాత జరిగిన ఫైనలులో కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి హైదరాబాదు కప్పు పట్టుకొన్నది. గోలుకీపరు కట్టిమణి మూడు పెనాల్టీలను ఆపాడు. సంబరపడ్డవారిలో నేనూ ఒకణ్ణి. అయినా న్యాయం చెప్పవలసివస్తే ఇరువది ఆటల శ్రమ జంషెడ్‌పూరుది, ఒక రాత్రి వైభవం మనది. ఇద్దరికీ వేరువేరు బహుమానాలున్నవి కనుక అక్కడ తగవు రాలేదు. (ఆ క్లబ్బు 2025లో పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయింది. అది వేరే దుఃఖం.)

ఈ వలపక్షాన్ని గురించి అందరికంటె పెద్దగా జగడమాడేవారు అమెరికావారు. హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తూ మధ్యలో రెండేండ్లు ఆ దేశంలో చదివి వచ్చిన నా పూర్వ విద్యార్థి ఒకడు మొన్న కలిసినప్పుడు, “సార్, అక్కడ ఒక్క ఆటా ఓడని జట్టును కూడా ఇంటికి పంపించారు” అన్నాడు. వాని మాట నేను మొదట నమ్మలేదు.

అక్కడి కాలేజీ ఫుట్‌బాలు మన ఫుట్‌బాలు కాదు. కోడిగ్రుడ్డు ఆకారపు బంతిని చేత పట్టుకొని పరుగెత్తే ఆట అది. పై తరగతిలో 2024 నాటికి 134 కళాశాలల జట్లున్నవి. అందరూ అందరితో ఆడాలంటే 8,911 ఆటలు కావాలి. ఒక్కొక్క జట్టు ఋతువులో ఆడగలిగేది పండ్రెండు. అవి కూడా ఎక్కువ భాగం తన కూటమిలోని జట్లతోనే. కూటమిని వారు ‘కాన్ఫరెన్సు’ అంటారు. మన అధ్యాపకులకు ఆ మాట వినగానే తేనీరూ, ఉపన్యాసాలూ జ్ఞాపకం వస్తవిగాని అక్కడ అది ఒక మండలి. ఒక కూటమి నిండా సింహాలు, మరొక కూటమిలో ఒక సింహమూ పది లేళ్లు. రెండింటిలోను మొదట నిలిచినవారు సమానులా? దీనిని తేల్చడానికి వారు 1936 నుండి పత్రికారచయితల చేత ఓట్లు వేయించి ర్యాంకులు ప్రకటిస్తున్నారు. 1998 నుండి పదునారేండ్లు ఓట్లతోపాటు గణనయంత్రాల లెక్కలు కూడా కలిపి చూశారు. 2014 నుండి పదముగ్గురు పెద్దల సంఘం ఒకటి కూర్చుండి నాలుగు జట్లను ఎన్నుకొనేది.

2023లో నా విద్యార్థి చెప్పిన ఉదంతం జరిగింది. ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయం జట్టు పదమూడు ఆటలాడి పదమూడూ గెలిచింది, తన కూటమిలో మొదట నిలిచింది. కాని దాని నాయకస్థానంలో ఆడే జోర్డన్ ట్రావిస్ గాయపడ్డాడు. అతడు లేని జట్టు మునుపటి జట్టు కాదని పెద్దలు తలచారు. ఒక ఆట ఓడిన అలబామా జట్టును నాలుగవ విస్తరి ముందు కూర్చుండబెట్టి, ఓటమి ఎరుగని జట్టును పందిరి వెలుపల నిలబెట్టారు. ఆ తరువాత వేరొక పోటీలో ఆ జట్టు జార్జియా చేతిలో 63–3 తేడాతో చిత్తుగా ఓడింది. చూశారా, పెద్దలు చెప్పినదే నిజమయిందని కొందరన్నారు. ఆనాడు ఆ జట్టు ఆటగాళ్లలో చాలామంది మైదానంలోకే దిగలేదన్న సంగతి మాత్రం వారు చెప్పరు. నా అభిప్రాయంలో అది అన్యాయమే. ఎదుటివాని బలం తూచడం ఒకటి. రాబోయే ఆటను ఊహించి జరిగిన ఆటలను కొట్టివేయడం ఇంకొకటి. మొదటిది తీర్పు, రెండవది జోస్యం.

2024లో నాలుగు విస్తళ్లను పన్నెండు చేశారు. కూటములలో గెలిచినవారిలో మొదటి నలుగురికి తొలి విడత ఆడనక్కరలేకుండా మినహాయింపు ఇచ్చారు. ఆ నలుగురూ రెండవ విడతలోనే ఓడిపోయారు! మరుసటి యేడు ఆ నియమం మార్చి, కూటమి ఏదైనా ర్యాంకును బట్టే మినహాయింపు అన్నారు. ఎన్నిసార్లు వండినా అమెరికావారి పప్పు ఇంకా ఉడకలేదు.

ఇంత దూరం పోనక్కరలేదు. కూటముల కష్టం మన హైదరాబాదు క్రికెట్టు జట్టు పడినంతగా మరొకరు పడివుండరు. రంజీ ట్రోఫీలో 1957-58 నుండి మండలాలవారీ లీగు వచ్చింది. అయిదు మండలాలు, ప్రతి మండలంనుండి ఒక్కరే పైకి పోవాలి. దక్షిణ మండలంలో మద్రాసు, మైసూరు, హైదరాబాదు, ఆంధ్ర, కేరళ. జయసింహ, అబ్బాస్ అలీ బేగ్, ఆబిద్ అలీ, తరువాత పటౌడీ— ఇందరు హేమాహేమీలున్న హైదరాబాదుకు ఎదురుగా ఒకవంక మైసూరులో ప్రసన్న, చంద్రశేఖర్. మరొకవంక మద్రాసులో వెంకటరాఘవన్. ముగ్గురు మల్లులకు ఒకే ద్వారం! అదే కాలంలో తూర్పు మండలంలో బెంగాలుకు బీహారు, అస్సాం, ఒరిస్సాలతో పోటీ. 1964-65లో హైదరాబాదు ఆ ఇరుకు గడప దాటి ఫైనలుకు పోయి బొంబాయి చేతిలో ఓడింది. 1970-71లోగాని మండలానికి ఇద్దరు చొప్పున పంపే ఏర్పాటు రాలేదు. 1937-38లో ఒకసారి, మళ్లీ 1986-87లో ఒకసారి మాత్రమే కప్పు గెలిచిన జట్టుగా హైదరాబాదు పట్టికలో కనబడుతుంది. ఆ పట్టిక అబద్ధం కాదు. సగం చెప్పి ఆగిన మాట.

తక్కెడ రెండవవైపు కూడా మొగ్గగలదు. 2022-23లో హైదరాబాదు వెనుకబడి, మరుసటి యేడు ప్లేట్ అనే కింది తరగతికి దిగింది. అక్కడ 2024 జనవరి 26న అరుణాచల్ ప్రదేశ్ మీద తన్మయ్ అగర్వాల్ 147 బంతులలో మూడువందల పరుగులు చేశాడు. ప్రథమశ్రేణి క్రికెట్టులో అంత వేగంగా త్రిశతకం ఎవరూ చేయలేదు. మొత్తం 366 పరుగులు. రికార్డు రికార్డే, దానిని ఎవరూ చెరపలేరు. కాని 1960లలో ప్రసన్న బంతులకు అడ్డంగా నిలిచి ఒక హైదరాబాదు ఆటగాడు చేసిన అరవై పరుగులకు ఏ పుటలో చోటున్నది?

ఫుట్‌బాలుకే తిరిగి వస్తాను. నాకు ఈ విషయంలో ఎక్కువ నేర్పినది సయ్యద్ అబ్దుల్ రహీం జీవితం. ఆయన హైదరాబాదువాడు, బడిపంతులు. పిల్లలకు పాఠాలు చెప్పి, హైదరాబాదు సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్ది, 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేండ్లు రోవర్స్ కప్పు గెలిపించాడు. 2024లో వచ్చిన ‘మైదాన్’ హిందీ చిత్రం వల్ల ఆయన పేరు నేటి పిల్లలకు కొంత తెలిసింది. ఆయన శిక్షణలో భారతదేశం ఆడిన మూడు ఒలింపిక్కులలో రెండింటిని చూడండి. 1956 మెల్బోర్నులో మనది నాలుగవ స్థానం. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం వంటి మన నగరపు బిడ్డలున్నారు. 1960 రోములో మనది గుంపులో కడపటి స్థానం. పోటీపరీక్షలకు చదివే పిల్లలు మొదటిదానిని కంఠస్థం చేస్తారు, రెండవదానిని విడిచిపెడతారు.

దారులు చూడండి. మెల్బోర్నులో మన మొదటి ఆట హంగెరీతో. దేశంలో తిరుగుబాటు చెలరేగి, హంగెరీ ఫుట్‌బాలు జట్టు రాలేదు. మనం ఆడకుండానే పైమెట్టు ఎక్కాము. తరువాత ఆస్ట్రేలియాను 4–2తో గెలిచాము. నెవిల్ డిసౌజా మూడు గోళ్లు కొట్టాడు. అక్కడినుండి యుగోస్లావియా చేతిలో 1–4, బల్గేరియా చేతిలో 0–3. ఒక్క గెలుపుతో నాలుగవ స్థానం. రోములో మన గుంపులో హంగెరీ, ఫ్రాన్సు, పెరూ. గుంపుకు ఒక్కరే పైకి పోవాలి. హంగెరీతో 1–2 మాత్రమే తేడా. ఆ ఒక గోలు బలరాముడిది. ఆ హంగెరీయే తరువాత కాంస్య పతకం పుచ్చుకొన్నది. ఫ్రాన్సుతో 1–1 సమం. పెరూతో 1–3. ఒక్క గెలుపూ లేక కడపటి స్థానం. ఈ రెండింటిలో ఏది గొప్ప ఆట అని రహీం మాస్టారును అడుగగలిగివుంటే ఏమనేవాడో! నన్నడిగితే రోములో హంగెరీ మీద ఆడిన తొంబది నిమిషాలను ముందు వ్రాస్తాను.

1962 జకార్తా స్వర్ణపతకానికీ ఇటువంటి కొస ఒకటి ఉన్నది. అంతకు ముందు రెండు ఆసియా క్రీడలలోను ఫుట్‌బాలు గెలిచిన తైవాను జట్టును, ఇజ్రాయెలును ఇండొనేషియా రానీయలేదు. కనుక మన పతకం తేలికైనదా? గుంపులో మనలను 2–0తో ఓడించిన దక్షిణ కొరియాను ఫైనలులో 2–1తో గెలిచాము. ఎదుటివాడు లేని చోట గెలుపు కాదది. ఎదుటివాని ముందు ఓడి, నేర్చుకొని, మళ్లీ వానినే గెలిచినది. కాన్సరుతో మరుసటి యేడు, 1963 జూనులో, రహీం కన్నుమూశాడు.

ఇక మన తరగతి గది. వేసవిలో ప్రవేశపరీక్షలు వ్రాసి వచ్చిన పిల్లలు ప్రతి యేడూ ఒకే ప్రశ్న అడుగుతారు: “సార్, మా పూట పేపరు కష్టం, పొద్దుటివాళ్లది సులువు. ఒకే ర్యాంకుల పట్టిక ఎట్లా వేస్తారు?” ఇది సంతోష్ ట్రోఫీ గుంపుల ప్రశ్నే. జె.ఇ.ఇ. మెయిన్ పరీక్షలో ఏ విడతవారిని ఆ విడతవారితోనే పోల్చి, తనతో సమానంగాగాని తనకంటె వెనుకగాని నూటికి ఎందరున్నారో లెక్కించి, తరువాత అన్ని విడతలను కలుపుతారు. ప్రతి విడతలోను మొదటివానికి 100 వస్తుంది. అన్ని విడతలలోను పిల్లల సత్తా సుమారుగా సమానమన్న నమ్మకం మీద ఈ లెక్క నిలబడింది. ఆరు జట్ల గుంపులో ఆ నమ్మకం చెల్లదు. ఒక్క చీటీ అటు పడితే బరువు మారిపోతుంది. వేలమందిని కలగలిపి పంచినప్పుడు మాత్రం చాలావరకు చెల్లుతుంది, గుప్పెడు గింజలలో తాలు ఎక్కువ తక్కువ కావచ్చుగాని బస్తాకూ బస్తాకూ పెద్ద తేడా ఉండదు. కాబట్టి నేను పిల్లలకు ధైర్యమే చెప్పుతాను. పైగా ఆ సూత్రం పరీక్షకు ముందే ప్రకటించబడుతుంది. విస్తళ్లు వేసిన తరువాత వడ్డన మార్చడం అక్కడ లేదు. ఫ్లోరిడావారికి జరిగినది అదే.

నా సందేహం ఇంకొక చోట. పరీక్షగదికి వచ్చేలోపల ఒక పిల్లవాడు ఎవరితో ఆడి వచ్చాడు? లెక్కల పంతులు ఖాళీగా ఉన్న పల్లెటూరి బడినుండి వచ్చినవాని ఇరువదివేల ర్యాంకునూ, మాదాపూరులో రెండేండ్లు ఉదయం ఆరునుండి రాత్రి తొమ్మిదివరకు శిక్షణ పొందినవాని ఇరువదివేల ర్యాంకునూ ఏ విడతల లెక్క సరిచేస్తుంది? దీనికి సూత్రం లేదు. ఎదుట కూర్చున్న పంతులు మాత్రం ‘ఎవనిని గెలిచి వచ్చావు నాయనా?’ అని అడుగగలడు.

మా కళాశాల వరండాలో ఆటల విజేతల పేర్లు వ్రాసే చెక్కబోర్డు ఒకటి ఉన్నది. సంవత్సరం, ఆట, విజేత అని మూడు గడులు. ఈ యేడు రంగు వేయించే ముందు నాలుగవ గడి ఒకటి గీయించి, ఎవరి మీద గెలిచారో కూడా వ్రాయించమని వ్యాయామోపాధ్యాయునితో అన్నాను. ఆయన బోర్డును కిందినుండి పైదాకా చూచి, “చోటు చాలదండీ” అన్నారు. చిన్న అక్షరాలతో వ్రాయించమన్నాను.